క్యాష్‌లో తేడా

మనామాలో రాత్రి మూడు.
జీతాల గురువారం. షట్టర్లు పదింటికే దించేశారు.
కౌంటర్ల ముందు తొక్కిన టోకెన్ చీటీలు తప్ప మనిషి లేడు.
అయినా సర్వరు అంటోంది:
నలభైకి నలభై పనిలో ఉన్నాయి.

"క్యాష్‌లో తేడా ఉంది" అన్నాను ఫోనులో మేనేజరుతో.
కుర్చీలో కునుకుతున్న లింబాద్రి
దిగ్గున లేచి నిలబడ్డాడు.
"నేను సూస్తనే ఉన్న మేడం. ఎవ్వలు రాలే."
ఆ క్యాష్ వేరు, ఈ క్యాష్ వేరు అన్నాను.
మన లిపిలో రెంటికీ ఒకటే అక్షరాలు.
ఆయన నమ్మలేదు. వెళ్లి తాళం ఇంకోసారి లాగి చూసొచ్చాడు.

డేటాబేసు గుమ్మంలో ప్రతిసారీ
పేరు చెప్పి, పాస్‌వర్డు చెప్పి లోపలికి పోవాలంటే
తెల్లారిపోతుందని
ముందే తెరిచి దాచుకున్న కనెక్షన్లు ఇవి.
వాడుకున్నవాడు తిరిగిచ్చెయ్యాలి.
లింబాద్రి గదిలో మంచంలాగా,
పగటి డ్యూటీవాడు లేచిపోతే
రాత్రి డ్యూటీ దిగినవాడు ఆ వెచ్చదనంలోనే ఒరుగుతాడు.
దుప్పటి మాత్రం ఎవడిది వాడిదే.

సీ భాషలో పెట్టె మూత తీసి చూడనివ్వరు.
పిడి ఒక్కటే ఇస్తారు.
పిడి పట్టుకుని, కావలసిన గుణం నంబరు చెప్పి,
జవాబు పోయడానికి నా గిన్నె చూపించాలి.
గిన్నె కూడా కాదు, గిన్నె ఉన్న చోటు.
ఫంక్షను తిరిగొచ్చి సున్నా అంటుంది.
సున్నా అంటే ఏమీ లేదని కాదు,
క్షేమంగా చేర్చానని.
గిన్నె చిన్నదైనా ఆగదు,
పక్కదాని మీద ఒలకబోసి వచ్చి మళ్లీ సున్నా అనే అంటుంది.
ఒకసారి నాలుగు బైట్ల చోట ఎనిమిది పోయించుకుని
రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

అడిగాను.
కనీసం ఎన్ని? ఐదు.
మించకూడనివి? నలభై.
తెరిచినవి? నలభై.
ఊరకే ఉంటే మూసేసే గడువు?
సున్నా. ఈ సున్నా వేరే.
ఎన్నటికీ మూయొద్దని అర్థం,
నాకు ముందున్న కురువిళ పెట్టిపోయింది.
పనిలో ఉన్నవి?

ఈ ఒక్క లెక్క అడిగిన క్షణానికే నిజం.
నా గిన్నెలో పడేలోపే అవతల మారిపోతుంది.
నిమిషం ఆగి అడిగాను. నలభై.
టీ తాగి అడిగాను. నలభై.
మారకపోవడం చూసి భయమేసింది.

ఫైలు తిరగేస్తే నలభై వైఫల్యాలు.
పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు,
బ్యాంకు పుస్తకంలో వెనక.
పేర్లు కుదరలేదన్న చోటునుంచే
కోడు వెనక్కి తిరిగిపోయింది,
చేతిలో ఉన్నది పెట్టకుండానే.
పెట్టే వరుస ఆరు గీతల కింద ఉంది.

మనుషులు డబ్బు పంపలేక క్యాంపు బస్సెక్కారు.
మెట్‌పల్లి, ఆర్మూరు, మా రాయచోటి.
వాళ్ల కోసం తెరిచిన తలుపులు మాత్రం
ఇంకా ఎవరో వస్తారన్నట్టు పట్టుకునే ఉన్నాయి.

ఏడో పేరు చదివి తల తిప్పాను.
"చెప్పలేదేం లింబాద్రీ?"
"మీరు పెద్ద పనిల ఉన్నరు.
వచ్చే జుమ్మాకు మల్ల సూద్దమనుకున్న."

ఒక్క గీత రాశాను, తప్పుదారిలో కూడా
తిరిగిచ్చి పొమ్మని.
సర్వరు ఆపి లేపాను.
అడిగాను, పనిలో ఉన్నవి?
ఒకటి.

ఎవరిదా అని ఒక్క క్షణం జంకి, నవ్వొచ్చింది.
లింబాద్రి వరుస తెరవడానికి నేను తీసుకున్నదే.
ఆయన పగిలిన ఫోనులో పాస్‌బుక్కు ఫొటో పెద్దది చేసి
తెర మీద వేలు పెట్టి
ఒక్కో అక్షరం చెబుతున్నాడు.
"కొక్కుల ముందట, మేడం.
కాదు కాదు, ఆగుండ్రి.
ఇండ్ల ఎనుక ఉన్నది."